చల్లగా ఉన్నప్పుడు పద్దెనిమిది

కళ్యాణదుర్గంలో వార్నిష్ వాసన ఎక్కడ మొదలవుతుందో
అక్కడ మా షాపు.
బోర్డు మీది వైండింగులో సున్న ఎప్పుడో రాలిపోయింది.
అయినా రైతులు దారి తప్పరు,
కాలిన మోటరే వాళ్లను తీసుకొస్తుంది.

ఖలందర్ అన్న దగ్గర చేరి అప్పటికి పదమూడు రోజులు.
మాడిన తీగను ఉలితో కొట్టి పీకడం,
తూకం వేయడం, చుట్లు లెక్కపెట్టడం నా పని.
సూత్రం మాత్రం ఐటీఐ నుంచే వచ్చు.
ఓల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం,
గుణిస్తే పవరు.
పరీక్షలో పదికి పది.

తడి వార్నిష్ ఆరడానికి డ్రమ్ములో వేలాడే
రెండువందల వాట్ల బల్బు, అదే నా మొదటి లెక్క.
టాంగ్‌టెస్టర్ నోరు తెరిచి తీగను కరిచింది.
ఒక ఆంపియరుకు కొంచెం తక్కువ,
పాయింట్ ఎనిమిది ఏడు.
ప్లగ్గులో రెండువందల ముప్పై ఓల్టులు.
సుద్దముక్కతో గచ్చు మీద భాగించాను.
రెండువందల అరవై నాలుగు ఓములు.
గుణించాను. సరిగ్గా రెండువందలు,
బల్బు నెత్తిన రాసినంతే.

మర్నాడు, షట్టరు సగం ఎత్తిన వేళ,
ఆ బల్బునే విప్పి మీటరు పెట్టాను.
పద్దెనిమిది.
పుల్లలు చున్నీకి తుడిచి మళ్లీ పెట్టాను.
పద్దెనిమిది.
బ్యాటరీ మార్చినా పద్దెనిమిదే.

ఖలందర్ అన్న టీలో బన్ను ముంచుతా నవ్వినాడు.
"నీ లెక్కా తప్పు గాదు, మీటరూ తప్పు గాదు ఓబుళమ్మా.
సల్లగుండేదాన్ని కొలిస్తే సల్లని జవాబే వస్తాది.
కాల్తా ఉన్నెప్పుడు కొలువు.
అది యెంత ఓర్సుకుంటాదో అప్పుడు తెలుస్తాది."
బన్ను ముక్క టీలో తెగి పడింది.
దాన్ని చెంచాతో వెతుక్కుంటూ ఉండిపోయాడు.

ఆ వారమే బెళుగుప్ప దిక్కు నుంచి మారెక్క వచ్చింది,
ఐదు హార్సు మోటరును గోనెసంచిలో చుట్టి,
ఆటోలో ఒళ్లో పెట్టుకున్నట్టే పట్టుకొని.
ఈ ఎండాకాలంలో ఇది మూడోది.
బోరులో ఇసుక అన్నారంట ఒకరు.
తీగ నకిలీ అన్నారంట ఇంకొకరు.
ఆడమనిషి స్టార్టరు ముట్టుకుంటే ఇట్లే అని
సొంత మరిదే అన్నాడంట.
"నేనేమి తప్పు జేసినానో నువ్వన్నా సెప్పు పాపా."

చుట్టినాం, ఆరబెట్టినాం, బోరులోకి దింపినాం.
త్రీఫేజు వచ్చేది రాత్రి ఒకటిన్నరకు.
చీనీచెట్ల నడుమ టార్చి పట్టుకొని నిలబడినాం.
ఫేజుకూ ఫేజుకూ మధ్య నాలుగువందల పదిహేను ఉండాలి.
మూడువందల పది.
రేకు మీద ఎనిమిది ఆంపియర్లని ఉంది.
టాంగ్‌టెస్టర్ పదకొండు చూపిస్తోంది.

మారెక్కకు ఎట్ల చెప్పాలో తెలియలేదు.
నీళ్ల బరువు తగ్గదు, బోరు లోతు తగ్గదు,
ఓల్టేజి తగ్గితే మోటరు కరెంటును ఎక్కువ లాక్కుంటుంది,
వేడేమో కరెంటును బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది.
స్టార్టరు డబ్బా తలుపు మీద సుద్దతో రాసి చూపించాను.
ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు.
పదకొండు పదకొండులు నూట ఇరవై ఒకటి.

ఆమె శెనక్కాయల మూటలు లెక్క రాసుకునే మనిషి.
రెండంకెలనూ వేలితో తాకి చూసింది.
"అంటే దగ్గర దగ్గర రెండింతలు కాల్తా ఉండాది లోపల."
అవునన్నాను.
"పొద్దున వచ్చి సూసి పోయినోళ్లకు ఇది కనపడదు గదా."

నాకు బల్బు గుర్తొచ్చింది. చెప్పలేదు.

వైరును చేత్తో పట్టి చూసింది,
పిల్లల నుదురు చూసినట్టు.
ఎర్ర బటన్ తనే నొక్కింది.
పారిన కాసేపటికి నాలుగు పాదులు తడిసినాయి,
ఐదోది సగం.
తలుపు మీది అంకెలను తుడవబోతే నా చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ. లైన్మన్ వచ్చేదాక ఉండనీ.
మా మరిది గుడ్క సూడల్ల."